వంటింటికి కిటికీ

మా అత్తగారింట్లో కిటికీలు ఎన్ని ఉన్నాయో మొన్న వేసవి దాకా నాకు తెలీదు. ఆ ఇంటి కోడలినై ముప్ఫై రెండేళ్ళయింది. పండగలకీ, పురుళ్ళకీ, పిల్లల సెలవులకీ వెళ్ళినప్పుడల్లా వాటి రెక్కలు తెరిచాను, మూశాను, ఊచలకి పట్టిన బూజు దులిపాను, సంక్రాంతికి గోడలకి సున్నం వేస్తుంటే పాత పేపర్లు కప్పాను. లెక్క మాత్రం పెట్టలేదు. కిటికీలు మార్పిద్దామని అందరం అనుకున్నాక, కొలతలు తీసుకోవడానికి కాకినాడ నుంచి వచ్చిన కుర్రాడు టేపు లాగుతూ "మొత్తం ఎన్నండీ?" అని అడిగితే అప్పుడు వేళ్ళు మడిచి చూసుకున్నాను. పది. "వంటింట్లోది కలిపితే పదకొండు" అన్నాను. అతను వంటింట్లోకి తొంగిచూసి వచ్చి, "అది కిటికీ కాదు కదండీ, కన్నం" అన్నాడు.

నిజమే. అడుగు పొడుగు, అడుగు వెడల్పు, మధ్యలో రెండు ఇనప ఊచలు. చుట్టూ మసి. రెక్కలు లేవు, ఉంటే కదా మూయడానికి.

ఇల్లు 1934లో కట్టినది. మావారి తాతగారు రంగం వెళ్ళి సంపాదించిన డబ్బుతో కట్టారట. మా వైపు పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. తొంభై ఏళ్ళ పెంకుటిల్లు, గోడలు ఒకటిన్నర అడుగు మందం, ఇటుకా సున్నమూను. మూడేళ్ళ క్రితం పెంకులు దింపి మళ్ళీ కప్పించాం. ఇప్పుడు కిటికీల వంతు వచ్చింది. వానాకాలంలో రెక్కలు ఉబ్బి పడవు, ఎండాకాలంలో సందుల్లోంచి దుమ్ము. మా మరుదులిద్దరూ "వదినా, అన్నీ పీకించేసి తెల్లటి యూపీవీసీ స్లైడింగులు పెట్టించేద్దాం, ఒక్కసారి ఖర్చుతో పోతుంది" అన్నారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి రెండు పొరల అద్దాల కిటికీల వీడియో పంపించాడు. మావారు ఎప్పట్లాగే "నువ్వేమంటావు?" అని నా వంక చూశారు. నాకు కాస్త టైము కావాలన్నాను. ఆ టైములో తెలుసుకున్నవే ఇవన్నీ.

ముందు ఆ పది కిటికీల సంగతి. అన్నీ ఒకలాంటివి కావని కొలతలు తీస్తుంటేనే తెలిసింది. వీధివైపు అరుగు మీదకి ఉన్న నాలుగూ అయిదడుగుల ఎత్తు, బర్మా టేకు. లోపలి గదుల్లోని ఆరూ మూడున్నర అడుగులు, మద్ది చెక్క. వంటింటికి కన్నం. అంటే వీధిలోవాళ్ళకి కనబడేదానికి ఖరీదైన కర్ర, ఇంట్లోవాళ్ళకి మాత్రమే కనబడేదానికి ఊళ్ళో దొరికే కర్ర, ఆడవాళ్ళు మాత్రమే ఉండేచోట ఏమీ లేదు. తాతగారిని ఆడిపోసుకోవడానికి కాదు ఈ మాట అంటున్నది. ఆ రోజుల్లో కట్టిన ఇళ్ళు చుట్టాల ఊళ్ళలో ఎన్ని చూశానో, దాదాపు అన్నీ ఇంతే.

ఆ టేకుకి ఒక పెద్ద కథ ఉంది. 1852లో ఇంగ్లీషువాళ్ళు దిగువ బర్మాని పట్టుకున్నాక అక్కడ వరి సాగు పెరిగింది, బియ్యం మిల్లులు లేచాయి, రేవులో మూటలు మోయడానికి మనుషులు కావలసివచ్చారు. కాకినాడ నుంచీ విశాఖపట్నం నుంచీ స్టీమర్లెక్కి మనవాళ్ళు వేలల్లో వెళ్ళారు. అక్కడివాళ్ళు మనల్ని కోరంగీలు అనేవారు. కాకినాడ పక్కన ఉన్న కోరంగి రేవు పేరది. 1839 తుపానులో ఆ రేవు సర్వనాశనమైనా పేరు మాత్రం సముద్రం దాటి బతికింది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా మన దేశస్థులే. అందులో ఆడవాళ్ళు చాలా తక్కువ. మగవాళ్ళు వెళ్ళేవారు, ఆడవాళ్ళు ఇక్కడ పొలమూ పిల్లల్నీ చూసుకుంటూ మనియార్డర్ కోసం ఎదురుచూసేవారు. 1930 మే నెలలో రేవు పనిలో గొడవ మొదలై మనవాళ్ళని ఊచకోత కోశారు. ఆ తరవాతే తాతగారు సామాను సర్దుకుని వచ్చేశారట. 1941 డిసెంబరులో జపాన్‌వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక అక్కడ మిగిలినవాళ్ళు అడవుల్లో కొండల్లో నడుచుకుంటూ రావలసివచ్చింది, దారిలో ఎంతోమంది పోయారు. తాతగారు ముందే వచ్చేయడం మా అదృష్టం.

వచ్చేటప్పుడు ఆయన తెచ్చుకున్న గొప్ప ఆ టేకే. అది ఉట్టి గొప్ప కూడా కాదు. టేకు చేవలో సహజంగానే నూనె ఉంటుంది, చెద దాని జోలికి తొందరగా రాదు, తడికి పెద్దగా ఉబ్బదు, ఎండకి పగలదు. అడవిలో నెమ్మదిగా, ఎన్నో ఏళ్ళు పెరిగిన చెట్టుకి ఆ చేవ ఎక్కువ. ఇవాళ షాపులో "బర్మా టేకండీ" అని చూపించేది అలాంటిదే అనుకోకండి. మయన్మార్ ప్రభుత్వం 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు మనకొచ్చే టేకులో చాలా భాగం ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల తోటల్లో తొందరగా పెంచినది. అది చెడ్డదని అనను. కానీ చెక్క అంచున తెల్లగా ఉండే భాగం ఎక్కువుంటే అది చేవ కాదు, చెద మొదట తినేది దాన్నే. టేకు కొనేటప్పుడు పేరు అడగడం కన్నా ఆ తెల్లచెక్క ఎంతుందో చూడటం మేలు.

వీధి కిటికీల గురించి ఇంకొకటి చెప్పాలి. ఒక్కో కిటికీకి నాలుగేసి రెక్కలు. కింద రెండు, పైన రెండు, విడివిడిగా గడియలు. నేను కాపురానికి వెళ్ళిన కొత్తలో ఇదేం చాదస్తం, రెండు పెద్ద రెక్కలు సరిపోవా అనుకునేదాన్ని. తరవాత అర్థమైంది. కింద రెక్కలు మూసి పైవి తెరిస్తే గాలీ వెలుతురూ లోపలికొస్తాయి, వీధిలోవాళ్ళకి లోపల కూర్చున్న మనిషి కనబడదు. పిల్లకి పాలిస్తూ నేను అలాగే కూర్చునేదాన్ని. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి పై రెక్కలు తెరిచుంచితే గది చల్లబడుతుంది కూడా. ఇవాళ కర్టెను, ఏసీ, ఎగ్జాస్టు ఫ్యాను అని మూడు కొంటున్నాం, ఆ మూడు పనులూ ఆ నాలుగు రెక్కలే చేశాయి.

వాటి పైన అర్ధచంద్రాకారంలో ఎరుపూ పచ్చా నీలం అద్దాలు. ఒకటి పగిలిపోతే అక్కడ రేకు కొట్టారు. రంగుల్లేని అద్దాల్లోంచి చూస్తే ఎదురింటి గోడ నీళ్ళలో ఉన్నట్టు అలలు అలలుగా కనిపిస్తుంది. అది గాజు చెడిపోవడం కాదు. అప్పట్లో కిటికీ గాజు చాలావరకు బయటి దేశాల నుంచే వచ్చేది, బెల్జియం పేరు గొప్పగా చెప్పుకునేవారు. కరిగిన గాజుని పలకలా లాగేటప్పుడు అది ఎక్కడా ఒక్కలా మందం కుదరదు, అందుకే ఆ అలలు. ఇంగ్లండులో పిల్కింగ్టన్ వాళ్ళు కరిగిన తగరం మీద కరిగిన గాజుని తేలించి నున్నటి పలకలు చేసే పద్ధతిని 1959లో ప్రకటించారు. మన దేశంలో ఆ పద్ధతి ఫ్యాక్టరీలు 1990ల్లో వచ్చాయి. ఇప్పుడు మనం కొనేదంతా ఆ తేలించిన గాజే. ఆ అలల అద్దం పగిలిందంటే మళ్ళీ దొరకదు. కాబట్టి మీ పాత ఇంట్లో ఉంటే మార్చేముందు ఒకసారి ఆలోచించండి.

ఇక వంటిల్లు.

గవాక్షం అనే మాటకి ఆవు కన్ను అని అర్థం. మా నాన్నగారు సంస్కృతం చెబుతూ ఈ మాట దగ్గర ఆగి నవ్వేవారు. పాత కట్టడాల్లో కిటికీ గుండ్రంగా, పైన కాస్త మొనదేలి ఉండేది కనక ఆ పేరొచ్చి ఉంటుంది. ఏలూరు జిల్లాలో కామవరపుకోట దగ్గర గుంటుపల్లి గుహలకి వెళితే చూడండి. క్రీస్తుకి పూర్వం రెండో శతాబ్దం నాటి గుండ్రటి చైత్యం ఉంది, దాని ముఖద్వారం మీద గుర్రపు లాడం ఆకారంలో తొలిచిన కమాను. లోపల కప్పుకి రాతిలోనే వాసాలు చెక్కారు. అంటే కర్రతో కట్టే ఇళ్ళని చూసి రాతిలో అలా మలిచారన్నమాట. రెండు వేల ఏళ్ళ కిందటే దేవుడి గదికి వెలుతురు ఎటునుంచి రావాలో ఆలోచించినవాళ్ళం, వంటింటికి ఎందుకు ఆలోచించలేదు?

మా అత్తగారిని అడిగాను. ఆవిడకి ఇప్పుడు ఎనభై. "గాలికి నిప్పు రేగదా అమ్మాయ్, ఇంటికి అంటుకుంటే?" అన్నారు ముందు. నిజమే, ఒకప్పుడు తాటాకు ఇళ్ళే ఎక్కువ. తరవాత "పిల్లి" అన్నారు. చివర్న, కాసేపాగి, "వండేదాని మీద పదిమంది కళ్ళూ పడకూడదని" అన్నారు. తిండికి దిష్టి తగులుతుందని. ఆ తిండి వండే మనిషి కళ్ళకి పొగ తగులుతుందని ఎవరూ అనలేదు.

మండువా లోగిలి ఇళ్ళలో నడిమధ్య ఆకాశం కనిపించేది. వానా వెలుతురూ అక్కణ్ణుంచి దిగేవి, చుట్టూ గదులకి కిటికీలు తక్కువైనా సరిపోయేది. వంటింటి పొగ కూడా పెంకుల సందుల్లోంచి, మండువాలోంచి మెల్లగా పోయేది. మా ఇంటికి మండువా లేదు. కొత్త ఫ్యాషన్‌లో కట్టిన ఇల్లు కనక ముందు వసారా, వెనక వసారా, మధ్యలో గదులు. మండువా తీసేశారు, వంటింటికి దానికి బదులుగా ఏదీ పెట్టలేదు.

అత్తగారు ఆ ఇంటికొచ్చింది 1962లో. 1988లో గ్యాస్ వచ్చేదాకా ఇరవై ఆరేళ్ళు, రోజుకి రెండు పూటలా, ఆ అడుగు కన్నం ముందు కట్టెల పొయ్యి. గ్యాస్ వచ్చాక కూడా పెద్ద వంటలకి కట్టెలే, నా పెళ్ళినాటికీ కట్టెలే. నాలుగేళ్ళ క్రితం ఆయాసం వస్తోందని కాకినాడలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఊపిరితిత్తుల పరీక్షలు చేసి ఆయన "చుట్ట గానీ అడ్డపొగ గానీ అలవాటుందా అమ్మా?" అని అడిగారు. మా అత్తగారికి ఎంత కోపమొచ్చిందంటే ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. ఏళ్ళ తరబడి కట్టెల పొగ పీల్చిన ఆడవాళ్ళకి, జన్మలో చుట్ట ముట్టకపోయినా, అలాంటి ఊపిరితిత్తుల జబ్బే వస్తుంది. కళ్ళలో శుక్లాలకి కూడా ఆ పొగ ఒక కారణమంటారు. ఆవిడకి రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది.

ఈ పొగ గురించి ఎవరూ పట్టించుకోలేదని చెప్పడం అన్యాయం. 1947 ప్రాంతంలో వార్ధాలోని మగన్‌వాడిలో మగన్ చుల్హా తయారుచేశారు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో పనిచేసిన ఎస్.పి. రాజు గారు 1950ల మొదట్లో గొట్టంతో పొగ బయటికిపోయే మట్టిపొయ్యి రూపొందించి, దాని మీద పుస్తకం కూడా రాశారు. మన హైదరాబాదు నుంచి ఆ పని జరిగిందని చదివినప్పుడు నాకు గర్వంగా అనిపించింది. 1980ల్లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకం పెట్టింది. మా పక్కింటికి ఒకటి వచ్చింది, గొట్టం మసితో పూడుకుపోయి ఏడాదికే మూలపడింది. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం కింద మహిళా సంఘాలవాళ్ళకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో ఉజ్వల. ఇన్నిసార్లు పొయ్యి మారింది. గోడ మాత్రం అలాగే ఉండిపోయింది, ఎందుకంటే గోడ ఇంటివాళ్ళది. గ్యాస్ వచ్చాక ఇక కిటికీ ఎందుకని మా మరుదులు కూడా అన్నారు. పోపులో ఎండుమిరపకాయలు మాడినప్పుడు వాళ్ళు హాల్లోంచి దగ్గుకుంటూ అరుగు మీదకి వెళ్ళిపోతారు. వండేవాళ్ళు వెళ్ళలేరుగా.

ఒకరోజు మావారు వాళ్ళ ఇంజనీరు స్నేహితుణ్ణి తీసుకొచ్చారు. మాటల్లో ఆయన ఒక లెక్క చెప్పారు. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం, మా కోస్తాలాంటి తేమతో కూడిన వేడి ప్రాంతంలో గది నేల వైశాల్యంలో ఆరో వంతు కిటికీలుండాలి. పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు. వంటింటికైతే అందరికన్నా ఇంకో పాతిక శాతం ఎక్కువ ఉండాలి. నేను మళ్ళీ చెప్పమన్నాను. వంటింటికే ఎక్కువ, అన్నారు ఆయన. కాగితం తీసి లెక్కేశాను. మా వంటిల్లు పదీ పన్నెండు, నూట ఇరవై చదరపు అడుగులు. ఆరో వంతు ఇరవై. పాతిక శాతం కలిపితే ఇరవై అయిదు. మాకున్నది ఒకటి.

ఇంకో మాట కూడా చెప్పారు. ఆ లెక్కలో తెరుచుకునే భాగమే పనికొస్తుంది, బిగించేసిన అద్దం లెక్కలోకి రాదు. ఇది విన్నాక నాకు స్లైడింగు కిటికీల మీద మోజు పోయింది. రెండు పట్టాల స్లైడింగులో ఒక రెక్క ఇంకో రెక్క వెనక్కి వెళుతుంది, కాబట్టి ఎంత పెద్ద కిటికీ పెట్టినా సగమే తెరుచుకుంటుంది. నాలుగడుగుల కిటికీకి డబ్బిచ్చి రెండడుగుల గాలి తెచ్చుకోవడం. దోమల జాలీ అడ్డముంటే అదీ తగ్గుతుంది. రెక్కలు తలుపుల్లా తెరుచుకునే రకమైతే మొత్తం తెరుచుకుంటుంది. ఇరుకు వసారాలో, రెక్క తెరిస్తే మనిషి తలకి తగిలే చోట, స్లైడింగే నయం.

స్లైడింగు మీద నాకున్న ఇంకో అనుమానం హుద్‌హుద్ నాటిది. 2014 అక్టోబరు 12న ఆ తుపాను విశాఖపట్నం మీదకొచ్చినప్పుడు మా చెల్లెలు అక్కడ నాలుగో అంతస్తులో ఉంది. హాల్లో గోడంతా పరుచుకున్న స్లైడింగు కిటికీ ముందు గలగలమంది, తరవాత ఒక రెక్క పట్టా మీంచి లేచి హాల్లోకొచ్చి పడిందట. పిల్లలతో బాత్‌రూమ్‌లో కూర్చుంది. తప్పు స్లైడింగుది కాదని ఆ ఇంజనీరే చెప్పారు, ఆ కిటికీని ఆ ఊరి గాలికి తగ్గట్టు చేయకపోవడం తప్పు. ఇల్లు ఏ ఊళ్ళో ఎంత గాలికి తట్టుకోవాలో మన ప్రమాణాల్లో ఉందట. విశాఖపట్నం, విజయవాడలకి సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హైదరాబాదుకి 44 మీటర్లు. కిటికీలు అమ్మేవాణ్ణి "మా ఊరి గాలికి ఇది ఆగుతుందా, గాజు మందం దానికి సరిపోతుందా, కాగితం మీద రాసిస్తావా" అని అడగమన్నారు. నేను అడిగితే కాకినాడ నుంచి వచ్చిన ముగ్గురిలో ఇద్దరు నవ్వారు. మూడో అతను రాసిచ్చాడు. పని అతనికే ఇచ్చాం.

యూపీవీసీ అంటే ఉత్త ప్లాస్టిక్ అని నేనూ అనుకునేదాన్ని. అది 1950ల్లో జర్మనీలో పుట్టింది. చలిదేశాల్లో ఇంటి వేడి బయటికి పోకుండా ఉండటానికి బాగా పనికొచ్చింది, 1970ల్లో చమురు ధరలు పెరిగాక బాగా వ్యాపించింది. రెండు పొరల అద్దాలూ ఆ బాపతే. మా అబ్బాయి ఉండేచోట బయట మంచు, లోపల హీటరు. వాడికి అది తప్పదు. మా ఇంట్లో ఏసీ ఉన్నది ఒక్క గదిలో, మిగతా గదులకి కావలసింది లోపలి వేడి బయటికి పోవడం. ఆ మాటే ఫోన్లో చెబితే "అమ్మా, నువ్వు ఇంజనీరింగు చదవాల్సింది" అని వెక్కిరించాడు.

అయినా వంటింటికి యూపీవీసీనే ఎంచుకున్నాను. నూనె జిడ్డు సబ్బునీళ్ళతో పోతుంది, ఆవిరికి ఉబ్బదు, చెద పట్టదు. చూసుకోవలసినవి చూసుకున్నాను. చట్రం లోపల ఇనప గొట్టం వేస్తారు, అది లేకపోతే పెద్ద రెక్క కొన్నాళ్ళకి వంగుతుంది. ముక్క కోసి చూపించమని అడిగితే చూపించారు. మన ఎండకి తగ్గట్టు తయారైనది కాకపోతే పచ్చబడి పెళుసవుతుంది. మాది సముద్రపు గాలి తగిలే ఊరు కనక బందులూ స్క్రూలూ స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలన్నాను. మా మేనత్తగారు ఉండే పాత గవర్నమెంటు క్వార్టర్స్‌లో ఇనప చట్రాల కిటికీలు తుప్పు రేకులు రేకులుగా రాలేవి, అది మర్చిపోలేదు. అల్యూమినియం తుప్పు పట్టదంటారు గానీ ఉప్పుగాలికి దాని మీదా తెల్లటి పొడి లేస్తుంది, పై పూత మంచిది కాకపోతే.

టేకు కిటికీలు నాలుగూ ఉంచేశాం. దీనికి మా మరుదులతో రెండు రోజులు వాదన అయింది. చివరికి మా ఊరి వడ్రంగి తీర్చాడు. ఆయన ఉలి మొనతో చట్రాలన్నీ పొడిచి చూశాడు. వాన నీరు నిలిచే కింది కమ్మీ దగ్గర రెండింటికి మెత్తబడింది, మిగతాదంతా ఉలి దిగలేదు. "ఇది పీకి పాత సామాను వాడికి అమ్మితే వాడు తెల్లారేసరికి డబ్బు చేసుకుంటాడమ్మగారూ" అన్నాడు. పుచ్చిన కమ్మీల వరకు కోసి కొత్త టేకు ముక్క అతికాడు, బందులు మార్చాడు, రెక్కల అంచు చిత్రిక పట్టాడు, అద్దాల చుట్టూ ఎండి రాలిపోయిన లప్పం తీసి కొత్తది పెట్టాడు. రేకు కొట్టిన చోట పచ్చ అద్దం వేయించాం. పాత పచ్చతో కలవలేదు, ఫరవాలేదు. పాత కిటికీలో గొప్పతనం ఇదే, ఏ ముక్క చెడితే ఆ ముక్క మార్చుకోవచ్చు, మార్చేవాడు మన వీధి చివరే ఉంటాడు. కొత్తవాటిలో రబ్బరు పోయినా, తాళం పోయినా అదే కంపెనీవాడు రావాలి. అందుకే బిల్లు మీద ఆ భాగాల నంబర్లు రాయించుకుని బీరువాలో పెట్టాను.

లోపలి ఆరింటిలో మద్దివి రెండు పూర్తిగా చెదపట్టాయి. చట్రం పీకితే పాత సున్నపు గోడ కదులుతుంది కనక మేస్త్రి పైన దూలానికి ముట్టు పెట్టాకే తీశాడు. సందులు ఉత్త సిమెంటుతో పూడ్చొద్దని, సున్నం కలపమని దగ్గరుండి చేయించాను. మిగతా నాలుగింటికి రంగు సరిపోయింది. మిగిలిన డబ్బంతా వంటింటి మీద పెట్టాం.

గోడ కొట్టిన రోజు మంగళవారం. మంగళవారం కొట్టొద్దని అత్తగారు గొణిగారు గానీ మేస్త్రికి బుధవారం వేరే ఊళ్ళో పని ఉంది. తూర్పు గోడకి నాలుగు నాలుగు, దక్షిణానికి మూడు మూడు. పదహారూ తొమ్మిదీ ఇరవై అయిదు, లెక్క సరిపోయింది. ముందు పైన రాతిబద్ద దూర్చి, ఆ కిందే తొలిచారు. ఇటుకలు ఒక్కొక్కటీ వస్తుంటే లోపలి వైపు నల్లగా, బయటి వైపు ఎర్రగా ఉన్నాయి. సాయంత్రానికి తూర్పు గోడ తెరుచుకుంది. వెలుతురు పడ్డాక ఎదురు గోడ మీద మసి ఎంత మందంగా ఉందో చూసి నాకే సిగ్గేసింది, అన్నేళ్ళూ దాన్ని గోడ రంగనుకున్నాను.

"ఊచలు పెట్టించు అమ్మాయ్, పిల్లి వస్తుంది" అన్నారు అత్తగారు. చెదపట్టిన మద్ది కిటికీల ఊచలు తీసి దాచాను, వాటినే తోమించి, రంగేయించి బిగించాం.

నాలుగో రోజు పొద్దున్న ఆవిడ ఆ కిటికీ కింద స్టూలు మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు. పక్కింటి పెరట్లో బట్టలారేస్తున్న ముసలావిడ, వాళ్ళిద్దరూ ఒకే ఏడాది ఆ ఊరికి కాపురానికొచ్చినవాళ్ళు, ఊచల్లోంచి చూసి ఆగి, "ఏం కూర వదినా ఇవాళ?" అని అడిగింది.

"గోరుచిక్కుడు" అన్నారు మా అత్తగారు.